ఎక్కడ దిగారు?

పొరుగూరు వెళ్ళివచ్చిన మనిషిని మనవాళ్ళు ముందుగా అడిగేది "వెళ్ళిన పని అయిందా?" అని కాదు, "ఎక్కడ దిగారు?" అని. ఈ ప్రశ్నకు జవాబు చెప్పేటప్పుడు మధ్యతరగతి గృహస్థు గొంతు మారడం మీరు గమనించే ఉంటారు. బావమరిది ఇంట్లో దిగితే ధీమాగా చెబుతాడు. పెద్ద హోటల్లో దిగితే ఆ పేరు రెండుసార్లు చెబుతాడు. ఏ సత్రంలోనో, పదిమంది పడుకునే హాల్లోనో దిగితే మాత్రం "ఏదో ఒక పూటేగా, స్టేషను దగ్గరే సర్దుకున్నాం" అని మాట తప్పించి, ఎండల సంగతి ఎత్తుకుంటాడు.

నేనూ ఆ జాతివాణ్ణే సుమండీ. కరీంనగరంలో డిగ్రీ పిల్లలకు ఇరవైఏళ్ళుగా ప్రబంధాల్లోని మేడలూ, చంద్రశాలలూ వర్ణించి చెబుతున్నాను. కాని చేతిలో ఉన్న డబ్బుకు తగిన మంచం ఒకటి పరాయి ఊళ్ళో వెతుక్కోవడం నలభైఏడో ఏట గాని నాకు అబ్బలేదు. అది నేర్పినవాడు మా బాపు. మా వైపు తండ్రిని బాపు అంటాం. సిరిసిల్లలో మగ్గాల చప్పుడు మధ్య పుట్టి, మగ్గాల చప్పుడు మధ్యనే చెవులు మందగించిన మనిషి. ఇప్పుడు డెబ్భైనాలుగేళ్ళు.

కిందటి ఏడు ఆయన నోట్లో ఒక పుండు లేచింది. నెలరోజులైనా మానలేదు. కరీంనగరం డాక్టరు హైదరాబాదు పంపించాడు. హైదరాబాదు డాక్టరు అంతా చూసి, "ఎందుకైనా మంచిది, ఒకసారి బొంబాయి టాటా ఆసుపత్రిలో చూపించుకోండి" అన్నాడు. 'ఎందుకైనా మంచిది' అన్న మాటలో ఎంత బరువుందో ఆ రాత్రి ఇంటిల్లిపాదికీ తెలిసింది. మా ఆవిడ పొయ్యి మీద పాలు పెట్టి మరిచిపోయింది. బాపు మాత్రం, "బొంబాయినా? పోదాం తియ్యి. సూసి గూడ నలపై ఏండ్లాయె" అన్నాడు. ఆ ఊరి పేరు 1995లో ముంబయి అయింది. మా బాపుకు మాత్రం బొంబాయే.

చెయ్యవలసిన పరీక్షలకు అయిదు రోజులైనా పడుతుందన్నారు. అయిదు రోజులు ఎక్కడ ఉండటం? మా ఉత్తర తెలంగాణ జిల్లాల్లో బొంబాయి చుట్టం లేని పద్మశాలి ఇల్లు అరుదు. మాకూ ఉన్నారు. కాని వాళ్ళుండేది ఊరికి దూరంగా, ఒకే గదిలో అయిదుగురు. జబ్బు మనిషిని తీసుకుని వాళ్ళ మీద ఎలా పడతాం? కనుక హోటలే గతి అనుకున్నాను. సెల్‌ఫోను తీసి ధరలు చూస్తే కళ్ళు తిరిగాయి. ఆసుపత్రి దరిదాపుల్లో ఓ మాదిరి గదికి ఒక రాత్రి అద్దె, మా ఇంట్లో వారం రోజుల కూరగాయలూ పాలూ కలిపినా మించిపోయింది. తప్పు హోటలు వాళ్ళదనీ అనలేం. సముద్రంలోకి చొచ్చుకుపోయిన సన్నని నేల అది. పక్కకు పెరగడానికి చోటు లేదు, వచ్చే జనానికి అంతు లేదు. అక్కడ మనం అద్దెకు తీసుకునేది గది కాదు, నేల.

ఇక్కడ నా మొదటి పొరపాటు చెబుతాను. నవ్వుకోండి, పరవాలేదు. ఒక లాడ్జి బొమ్మ చూశాను. తెల్లని దుప్పటి, కిటికీలోంచి వెలుగు, మూలన పూలకుండీ. అద్దె పద్నాలుగు వందలు. పైగా పేరు చివర 'రెసిడెన్సీ' అని ఉంది. రేపు ఎవరైనా అడిగితే చెప్పుకోవడానికి బాగుంటుందని ఫోనులోనే రెండు రోజుల డబ్బు కట్టేశాను. తీరా వెళ్ళి చూస్తే గది నాలుగో అంతస్తులో ఉంది. లిఫ్టు ఉన్నమాట నిజమే, దాని తలుపుకు తాళం ఉన్నదీ నిజమే. కిటికీ తెరిస్తే చేతికందే దూరంలో పక్కింటి గోడ. బాపు రెండో అంతస్తు మెట్ల మీద కూర్చుండిపోయి, రొప్పుతూ, "గీ పూలకుండ ఏడుందిరా?" అన్నాడు. కట్టిన డబ్బులో సగం వదులుకుని ఆ పూటే బయటపడ్డాం.

వీధిలో పెట్టె మీద బాపును కూర్చోబెట్టి ఫోను చూస్తూ నిలబడ్డాను. చెమటతో వేలు జారుతోంది. అప్పుడు దొరికింది, దగ్గర్లోనే ఒక 'కాప్స్యూల్ హోటలు'. కాప్స్యూల్ అంటే డాక్టరు ఇచ్చే గొట్టం మాత్ర అని మాత్రమే తెలిసినవాణ్ణి. అందులో మనుషులు పడుకోవడమేమిటి? మనిషికి ఎనిమిది వందలన్నారు. వేరే దారి లేక వెళ్ళాం.

చూడనివారి కోసం చెబుతాను. రైలు పెట్టెలో బెర్తులు ఊహించుకోండి. ఒక్కొక్క బెర్తుకూ చుట్టూ గోడలు కట్టి, కాళ్ళవైపు తెర వేస్తే అదే కాప్స్యూలు. పొడవు మనిషి పొడవుకు కాస్త ఎక్కువ, వెడల్పు మన నవారు మంచమంత, ఎత్తు లేచి కూర్చుంటే తల తగలనంత. లోపల చిన్న దీపం, గాలి వచ్చే కన్నం, ఫోనుకు కరెంటు. సామానుకు బయట తాళం వేసుకునే బీరువా అర. స్నానాల గదులు అందరికీ కలిపి. ఒక వరస కింద, ఒక వరస పైన. పైవాళ్ళు నిచ్చెన ఎక్కాలి.

ఈ ఏర్పాటు జపానువాళ్ళది. 1979లో ఒసాకా నగరంలో మొదటి కాప్స్యూల్ హోటలు తెరిచారు. దాన్ని రూపొందించినవాడు కిషో కురొకవా అనే పేరుమోసిన వాస్తుశిల్పి. అంతకు ముందే, 1972లో, టోక్యోలో చిన్నచిన్న గదులను పెట్టెల్లాగా పేర్చి నకగిన్ టవరు కట్టించాడాయన. దాన్ని 2022లో విప్పేశారు. కాప్స్యూల్ హోటళ్ళకు మొదటి గిరాకీ ఎవరనుకున్నారు? యాత్రికులు కారు. రాత్రి పొద్దుపోయేదాకా పనిచేసి, ఆఖరి రైలు తప్పిపోయి, టాక్సీకి డబ్బు పోయలేని గుమాస్తాలు. అంటే మనవంటివారే! మన దేశంలో రైల్వేవారి ఐఆర్‌సీటీసీ సంస్థ 2021 నవంబరులో ముంబయి సెంట్రల్ స్టేషనులో ఇలాంటివి నలభైఎనిమిది పెట్టింది. అందులో ఆడవారికి వేరే ఏర్పాటు కూడా ఉంది. తెరిచిన రోజుల్లో పన్నెండు గంటలకు 999 రూపాయలు, ఇరవైనాలుగు గంటలకు 1,999 అని ధర కట్టారు.

మళ్ళీ మా బాపు దగ్గరికి వస్తాను. ఆ బడి కుర్రాళ్ళ వంటి జనం మధ్య, ఆ పెట్టెల వరస ముందు ఆయన్ను నిలబెట్టినప్పుడు నాకు తల కొట్టేసినట్టయింది. లెక్చరరు కొడుకు జబ్బు తండ్రిని తెచ్చి అలమరలో పెడుతున్నాడు! కింది వరసలోనే ఇమ్మని బతిమాలి ఇప్పించుకున్నాను. బాపు తల వంచి లోపలికి చూశాడు. పరుపు మీద అరచెయ్యి వేసి నొక్కాడు. దీపం ఒకసారి వెలిగించి, ఆర్పి, మళ్ళీ వెలిగించాడు. ఆ తరవాత నావైపు తిరిగి మెల్లిగా అడిగాడు:

"కొడుకా, ఇది రాత్రంతా నాదేనా?"

"నీదే బాపూ."

"నడిమిట్ల ఎవ్వలన్న అచ్చి లేపుతరా?"

"ఎవరు లేపుతారు? డబ్బు కట్టాంగా."

"ఇగ గంతకన్న ఏం గావాలె?" అని బాపు చెప్పులు విప్పి, లోపలికి జరిగి, కాళ్ళు చాపుకున్నాడు.

నాకు అర్థం కాలేదు. ఆ రాత్రి ఆయన నిద్రపోలేదు, నేనూ నిద్రపోలేదు. తెర పక్కకు లాగి, పక్క మనిషికి వినపడకుండా గుసగుసగా నాకు చెప్పుకొచ్చాడు. మగ్గాల మధ్య బతికినవాడి గుసగుస ఎంత ఉంటుందో మీరే ఊహించుకోండి. ఎదురు వరసలో ఒక కుర్రాడు రెండుసార్లు దగ్గాడు కూడాను.

1970 ప్రాంతంలో బాపు బొంబాయి మిల్లులో చేరాడు. వర్లీలో 1920లలో సర్కారు కట్టించిన బీడీడీ చాళ్ళలో మకాం. గది నూట అరవై చదరపు అడుగులు. అందులో మనవైపు మగవాళ్ళు పద్ధెనిమిదిమంది. పద్ధెనిమిదిమంది ఎలా పడతారని మీరడుగుతారు. అందరూ ఒకేసారి పడుకోరు, అదీ కిటుకు! మిల్లులో మూడు పాళీలు. షిఫ్టును అక్కడ పాళీ అంటారు. పొద్దున ఏడు నుంచి మూడున్నర దాకా మొదటిది, అక్కడినుంచి నడిరాత్రి దాకా రెండోది, నడిరాత్రి నుంచి ఏడు దాకా మూడోది. బాపుది రెండో పాళీ. ఆయన చాప మరొకడితో పొత్తు. మూడో పాళీ మనిషి లేచి పనికి పోతే, బాపు వచ్చి ఆ చాప మీదనే ఒరిగేవాడు. పొద్దున ఏడున్నరకు ఆ మనిషి వచ్చి భుజం తట్టేవాడు. లేవాలి. కునుకు తీరినా, తీరకపోయినా లేవాలి.

"ఆ సాప ఎన్నడు సల్లారలేదురా" అన్నాడు బాపు.

తిండి సంగతి అడిగాను. మిల్లు పేటల్లో ఆడవాళ్ళు ఇళ్ళల్లోనే ఒంటరి కూలీలకు నెలకు ఇంత అని వండి పెట్టేవాళ్ళు. దాన్ని ఖాణావళి అంటారు. అప్పులవాళ్ళ చేతుల్లో నలుగుతున్న ఆ వంట ఆడవాళ్ళను ప్రేమా పురవ్ అనే ఆవిడ కూడగట్టి, 1975లో అన్నపూర్ణ మహిళా మండలి పెట్టింది. చౌక మంచం వెనక ఎప్పుడూ ఎవరిదో చౌక చాకిరీ ఉంటుందని నాకు అప్పుడు తోచింది.

ఒకసారి బాపుకు జ్వరం వచ్చిందట. వారం రోజులు మిల్లుకు పోలేదు. మరి పొద్దున ఏడున్నరకు చాప మనిషి వస్తాడు కదా! పాపం, ఆయనా రాత్రంతా నిలబడి వచ్చినవాడే. బాపు దుప్పటి కప్పుకుని వరండాలో గోడకానుకుని కూర్చునేవాడు, మళ్ళీ నడిరాత్రి దాకా. "ఆ మనిషి మంచోడే. 'నువ్వు పండుకోరా, నేను కూసుంట' అన్నడు రెండు రోజులు. మూడోనాడు ఆయిననే తూలి పడ్డడు. ఇగ నేనే లేసిన" అన్నాడు.

1982 జనవరిలో మిల్లుల్లో దత్తా సామంత్ నాయకత్వాన పెద్ద సమ్మె మొదలైంది. చాలామందికి ఆ సమ్మె ముగియనే లేదు. మిల్లు మళ్ళీ పిలవలేదు. బాపు సిరిసిల్లకు తిరిగివచ్చి మరమగ్గం మీద నిలబడ్డాడు. ఆ మగ్గం మీదనే నన్ను ఎం.ఏ. చదివించాడు.

నాకు ఒక్క సందేహం మిగిలింది. "మరి చిన్నప్పుడు మాతో 'బొంబాయిల నాకు రూమున్నది' అనేవాడివి కదా బాపూ?" అన్నాను.

బాపు కాసేపు మాట్లాడలేదు. "పండుగకు ఊరికస్తె అందరు అడుగుదురు, ఏడ దిగినవురా అని. ఏమని సెప్పాలె? అద్దసాప అని సెప్తనా?" అన్నాడు.

చూశారా! 'రెసిడెన్సీ' అన్న పేరు చూసి నేనెందుకు మోసపోయానో అప్పుడు తెలిసింది. ఆ రోగం నాకు వంశపారంపర్యం.

ఆ అయిదు రోజుల్లో తెలుసుకున్నవి కొన్ని ఉన్నాయి. మనవంటివారికి పనికొస్తాయని చెబుతున్నాను.

ఖరీదైన ఊళ్ళో మంచం వెతుక్కునేవాడు ముందుగా తన పని ఎక్కడో చూసుకోవాలి. దూరాన చౌకగా దొరికిందని దిగితే, రానుపోను చార్జీలూ, లోకల్ రైలు తొక్కిడీ కలిపి మిగిలిందంతా తినేస్తాయి. జబ్బు మనిషి ఉంటే దూరం అసలు పనికిరాదు.

రెండోది, బొమ్మలు చూసి డబ్బు కట్టకండి. హోటలువాడు తన గదుల్లో మేలైన గదికే బొమ్మ తీస్తాడు, మనం పెళ్ళిచూపులకు మేలైన చీర కట్టించినట్టు. ఫోను చేసి అడగండి. ఎన్నో అంతస్తు? లిఫ్టు నడుస్తున్నదా? ఎంతమందికి ఒక స్నానాల గది? రోజంటే ఇరవైనాలుగు గంటలా, లేక మధ్యాహ్నం పన్నెండుకు ఖాళీ చెయ్యాలా? ఇష్టంలేక వెళ్ళిపోతే డబ్బు తిరిగి ఇస్తారా? విసుక్కోకుండా జవాబు చెప్పినచోటు సగం మంచిదే. అంతకుముందు దిగినవాళ్ళు రాసిన మెచ్చుకోళ్ళు కాదు, ఈమధ్య రాసిన ఫిర్యాదులు చదవండి.

మూడోది, కాప్స్యూలైనా, పదిమంది పడుకునే డార్మిటరీ అయినా, బయటికి పోయే దారి ఎటో పడుకునే ముందే చూసుకోండి. రాత్రి కరెంటు పోతే ఆ దారి గుర్తుండాలి. సొంత తాళం ఒకటి వెంట ఉంచుకోండి. ముసలివారికి పై వరస వద్దు. చిన్నపిల్లలను కొన్నిచోట్ల రానివ్వరు, ముందే అడగాలి. చెవుల్లో పెట్టుకోవడానికి కాస్త దూది మరవకండి. గురక పెట్టేవాడికి తాను పెడతానని తెలియదు కనుక ఆ దూది మీకే కాదు, మీ పక్కవాడికీ ఒక ఉండ ఇవ్వవచ్చు.

రైలు టిక్కెట్టు ఉన్నవారికి స్టేషన్లలో రిటైరింగ్ రూములూ, డార్మిటరీ మంచాలూ ఉంటాయి. ఆ టిక్కెట్టు నెంబరు మీదనే ముందుగా తీసుకోవచ్చు. ఒక రాత్రి మకాముకు వాటిని మించినవి లేవు. కాని మనవాళ్ళలో సగంమందికి ఈ సంగతి తోచదు.

ఆదిలాబాదు నుంచీ, మంచిర్యాల నుంచీ హైదరాబాదుకు చదువులకు పోయే మా విద్యార్థులు అశోక్‌నగర్‌లో, అమీర్‌పేటలో హాస్టలు చూసుకునేముందు నన్ను సలహా అడుగుతూ ఉంటారు. ఇదివరకు "మంచి హాస్టలు చూసుకో" అని దీవించి పంపేవాణ్ణి. ఇప్పుడు చెబుతున్నాను: పగటిపూట వెళ్ళి చూడు. కుళాయి తిప్పి చూడు. ఆదివారం రాత్రి అన్నం పెడతారా అని అడుగు. ముందు కట్టిన డబ్బు ఎప్పుడు తిరిగి ఇస్తారో కాగితం మీద రాయించుకో. ఆడపిల్లలైతే, రాత్రివేళ గేటు దగ్గర ఎవరుంటారో తల్లిదండ్రులు కూడా ఒకసారి చూసి రండి. అన్నిటికంటే ముఖ్యం, ఇప్పటికే అక్కడ ఉంటున్న పిల్లను ఒక్కదాన్ని పక్కకు పిలిచి, "జ్వరం వస్తే ఇక్కడ ఎవరు చూస్తారమ్మా?" అని అడగండి. ఆ ఒక్క ప్రశ్నలో అన్నీ తేలిపోతాయి. ఆ ప్రశ్న నాది కాదు, వర్లీ వరండాలో కూర్చున్న మా బాపుది.

ఇక ఆసుపత్రి పని మీద వెళ్ళేవారికి ఒక మాట. టాటా ఆసుపత్రిలో రోగుల ఇబ్బందులు చూసే సామాజిక సేవా విభాగం ఉంది. బస సంగతి అక్కడ అడగవచ్చు. దాదర్‌లో గాడ్గే మహారాజ్ పేరిట ఉన్న ధర్మశాలలో కాన్సరు రోగులూ, వాళ్ళవెంట వచ్చినవాళ్ళూ తల దాచుకుంటారు. గాడ్గే మహారాజ్ మన ఆదిలాబాదుకు ఎగువన పెన్‌గంగ దాటితే వచ్చే విదర్భవాడే. అమరావతి జిల్లాలో 1876లో చాకలి ఇంట పుట్టాడు. చేత చీపురు పట్టుకుని ఊరూరా వీధులూడ్చాడు. వచ్చిన విరాళాలతో సత్రాలు కట్టించాడు. తనకంటూ ఇల్లు ఉంచుకోలేదు. 1956లో పోయాడు. ఈ సంగతి నాకు మూడో రోజున తెలిసింది. అక్కడికి మారదామా అని బాపును అడిగాను. నిజం చెప్పాలంటే, ఎనిమిది వందల లెక్క అప్పటికి నన్ను కుట్టడం మొదలుపెట్టింది.

బాపు ఆసుపత్రి ఎదుట పేవుమెంటు మీద గుడ్డలు పరుచుకుని కూర్చున్న జనాన్ని చూపించాడు. "గా జాగ వాళ్ళది. మనకు డబ్బ ఉన్నది గదా, సాలు" అన్నాడు.

అయిదో రోజున డాక్టరు కాగితాలన్నీ చూసి, భయపడవలసింది లేదనీ, కాని పుండు చెడుదారి పట్టే జాతిదనీ, తంబాకు ముట్టవద్దనీ, ఆరునెలలకోసారి వచ్చి చూపించుకోవాలనీ చెప్పాడు. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. బాపు మాత్రం జేబులోంచి తంబాకు డబ్బీ తీసి, ఒకసారి చూసుకుని, డాక్టరు బల్ల మీదనే పెట్టేసి వచ్చాడు.

మేం తిరిగివచ్చిన పదిరోజులకు వేములవాడలో చుట్టాలింట పెళ్ళి. పందిట్లో అందరూ చుట్టూ చేరారు. పుండు సంగతి అడిగినవారు ఇద్దరే. తక్కినవాళ్ళంతా, "బొంబాయిలో ఎక్కడ దిగారు?" అన్నారు. నాకు నోట్లో 'స్టేషను దగ్గరే' అన్న మాట ఆడుతూనే ఉంది. ఇంతలో మా బాపు, పందిరంతా వినపడేట్టు, తన మగ్గాల గొంతుతో అందుకున్నాడు:

"డబ్బల దిగినం! ఒక్కొక్కలకు ఒక్కొక్క డబ్బ. రాత్రంత మనదే, ఎవ్వడు లేపడు!"

పందిట్లోవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. ఆరునెలలు దగ్గరపడుతున్నాయి. మొన్ననే ఫోను చేసి కింది వరసలో రెండు చెప్పి ఉంచాను. ఈసారి పేరేమిటని ఎవరడిగినా చెబుతాను.